కాగితం మీద రాసింది బడిలో జరగాలి

నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీద రాసిన మాట నిలుస్తుంది. చదువు నేర్చుకున్న మనకు ఈ సంగతి బాగా తెలుసు. కూలి లెక్క రాసుకోని రోజుల్లో మోసపోయాం. రాసుకోవడం వచ్చాక మన లెక్క మన చేతికొచ్చింది. పొదుపు సంఘం పుస్తకం మనమే చూసుకుంటున్నాం. వడ్డీ ఎంతో మనమే కట్టుకుంటున్నాం.

పిల్లల చదువు విషయంలోనూ అంతే. అందరు పిల్లలూ ఒకలాగే నేర్చుకోరు. కొందరికి సరిగ్గా వినపడదు. కొందరికి చూపు ఆనదు. కొందరు నడవలేరు. కొందరు మాట ఆలస్యంగా పలుకుతారు. కొందరికి అన్నీ బాగానే ఉంటాయి, కాని అక్షరాలు మాత్రం తికమకగా కనిపిస్తాయి. ఇలాంటి పిల్లలకు బడిలో కొంచెం వేరే సాయం కావాలి. ఆ సాయం ఏమిటో ముందే కాగితం మీద రాసుకోవాలి. రాసినది బడిలో జరిగేలా చూసుకోవాలి. ఎలా చూసుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎవరు ఈ పిల్లలు?

మన ఊళ్ళో వాళ్ళను రకరకాల పేర్లతో పిలుస్తారు. చెవిటిది, కుంటోడు, మొద్దు, పిచ్చిది. ఈ మాటలు వినీ వినీ పిల్లలు ముడుచుకుపోతారు. తల్లిదండ్రులు కూడా సిగ్గుపడి పిల్లల్ని ఇంట్లోనే ఉంచేస్తారు. ఇది తప్పు. వైకల్యం పిల్లల తప్పు కాదు. తల్లి చేసిన పాపం అసలే కాదు.

2016లో మన దేశంలో ఒక కొత్త చట్టం వచ్చింది. దాని పేరు వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టంలో 21 రకాలు ఉన్నాయి. వినికిడి లోపం, చూపు లోపం, బుద్ధి మాంద్యం, ఆటిజం, కండరాల జబ్బు, తలసేమియా ఇందులో ఉన్నాయి. చదవడం, రాయడం, లెక్కలు చేయడం బాగా కష్టంగా ఉండే లోపం కూడా ఉంది. అంటే మనం మొద్దు అని తిట్టే పిల్లవాడికి నిజానికి ఆ లోపం ఉండవచ్చు. వాడికి కావలసింది బెత్తం కాదు, వేరే పద్ధతిలో నేర్పడం.

ప్రణాళిక అంటే ఏమిటి?

జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోతాం. డాక్టరు చీటీ రాస్తాడు. ఏ మందు, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అని అందులో ఉంటుంది. పక్కింటివాళ్ళ చీటీ మనకు పనికిరాదు. ఎవరి చీటీ వారిదే.

చదువులో సాయం కావలసిన పిల్లలకు కూడా ఇలాంటి చీటీ ఉంటుంది. దాన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ.ఇ.పి. అంటారు. బడిలో ఏ పేరుతో అడిగినా ఫరవాలేదు. మా పిల్లకు రాసిన చదువు ప్రణాళిక చూపించండి అంటే సరిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మంగమ్మ అనే ఒక కూలి మనిషి ఉందనుకుందాం. ఆమె కూతురు సుజాత 4వ తరగతి. సుజాతకు వినికిడి తక్కువ. చెవి మిషను ఇచ్చారు. సుజాత ప్రణాళికలో ఇలా రాశారనుకుందాం.

1. సుజాత ఇప్పుడు చిన్న చిన్న మాటలు చదవగలదు. 3 నెలల్లో చిన్న వాక్యాలు చదవాలి.

2. సుజాతను ముందు వరసలో కూర్చోబెట్టాలి.

3. పాఠం చెప్పేటప్పుడు టీచరు ముఖం సుజాత వైపు ఉండాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. పెదవులు కనపడితే ఆమెకు మాట తెలుస్తుంది.

4. ఇంటికి ఇచ్చే పని నోటితో చెప్పి వదలకూడదు. బోర్డు మీద రాయాలి.

5. ప్రత్యేక టీచరు వారంలో 2 సార్లు అరగంట చొప్పున విడిగా నేర్పాలి.

6. చెవి మిషను బ్యాటరీ రోజూ పొద్దున అమ్మ చూసి పంపాలి. బడిలో క్లాసు టీచరు చూడాలి.

7. 3 నెలలకొకసారి తల్లి, క్లాసు టీచరు, ప్రత్యేక టీచరు కూర్చుని ఎంతవరకు వచ్చిందో చూడాలి.

చూశారా? ఇందులో గొప్ప విషయాలేమీ లేవు. 7లో 3 పనులకు పైసా ఖర్చు లేదు. ముందు వరసలో కూర్చోబెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఒక్కో పని ఎవరు చెయ్యాలో, ఎన్నిసార్లు చెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో రాసి ఉంది. అదే ప్రణాళికకు ప్రాణం.

కొన్ని ప్రణాళికల్లో ఇలా ఉంటుంది: పిల్ల మీద శ్రద్ధ పెట్టాలి. బాగా ప్రోత్సహించాలి. ఇవి మంచి మాటలే. కాని వీటిని పట్టుకుని ఏమని అడుగుతాం? శ్రద్ధ పెట్టాం కదమ్మా అంటే మన దగ్గర జవాబు లేదు. వారంలో 2 సార్లు అరగంట అని ఉంటే అడగవచ్చు. ఈ వారం ఎన్నిసార్లు వచ్చారండీ అని లెక్క అడగవచ్చు.

ఎవరు రాస్తారు?

తెలుగు రాష్ట్రాల్లో చాలా మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సమగ్ర శిక్ష అనే పథకం కింద ఇవి నడుస్తాయి. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్లు అక్కడ ఉంటారు. వాళ్ళను ఐ.ఇ.ఆర్.పి. టీచర్లు అంటారు. ఊళ్ళల్లో భవిత టీచరు అంటారు. వాళ్ళు పిల్లను పరీక్షించి, క్లాసు టీచరుతో మాట్లాడి ప్రణాళిక రాస్తారు. ఫిజియోథెరపీ అవసరమైన పిల్లలకు కేంద్రంలో అది కూడా చేయిస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు కూడా ఉంది.

ప్రణాళిక రాసేటప్పుడు మీరు అక్కడ ఉండాలి. పిల్ల సంగతి తల్లికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఏ వేళ హుషారుగా ఉంటుంది, దేనికి భయపడుతుంది, ఏది ఇష్టం, ఇంట్లో ఏ పని చేస్తుంది, ఇవన్నీ చెప్పండి. చదువు తక్కువ అని వెనక్కి తగ్గకండి. రాసింది మీకు చదివి వినిపించమనండి. మీరు కూడా కూడబలుక్కుని చదవండి. అర్థం కాని మాట ఉంటే అడగండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఒక నకలు ఇంటికి తెచ్చుకోండి.

చట్టం ఏమంటుంది?

బడివాళ్ళు చేసే సాయం దయ కాదు. చట్టం చెప్పిన పని. ముఖ్యమైన సంగతులు ఇవి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. వైకల్యం ఉన్న పిల్లలకూ ఇది వర్తిస్తుంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు గాయపడేలా వేధించకూడదు.

2016 చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. దగ్గరి బడిలో చదవాలా, ప్రత్యేక బడిలో చదవాలా అన్నది మన ఇష్టం. వీళ్ళకు 18 ఏళ్ళు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలి.

ఆ చట్టం 16వ సెక్షను బడి చెయ్యాల్సిన పనులు చెప్పింది. వివక్ష చూపకుండా చేర్చుకోవాలి. మిగతా పిల్లలతో కలిపి చదివించాలి. బడి గదులు, మరుగుదొడ్లు ఆ పిల్లలు వాడుకునేలా ఉండాలి. పిల్లకు తగిన సాయం చెయ్యాలి. చదువు ఎంతవరకు వచ్చిందో కనిపెట్టి చూడాలి. ఈ సెక్షను సర్కారు బడులకే కాదు, సర్కారు గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ఇందులో 40 శాతం లెక్క లేదు.

17వ సెక్షను పరీక్షల సంగతి చెప్పింది. పరీక్షలో ఎక్కువ టైము ఇవ్వడం, చెప్పింది రాసిపెట్టే మనిషిని ఇవ్వడం, రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వడం లాంటి మార్పులు చెయ్యాలి. 10వ తరగతి పరీక్షకు ముందు ఈ సంగతి హెడ్మాస్టరును తప్పకుండా అడగాలి. ఆఖరి రోజుల్లో అడిగితే కాగితాలు కదలవు.

మరి చట్టం ఉంటే ప్రణాళిక ఎందుకు? చట్టం పిల్లలందరికీ సాయం చెయ్యమంటుంది. మీ పిల్లకు ఏ సాయమో ప్రణాళిక చెబుతుంది. రెండూ కలిస్తేనే పని.

సర్టిఫికెట్టు మాట

సదరం క్యాంపు అంటే మనందరికీ తెలుసు. డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో రాసిస్తారు. ఇప్పుడు దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు కూడా ఇస్తున్నారు. ఎప్పుడు, ఎక్కడికి పోవాలో మీసేవలో గాని, పంచాయతీలో గాని, భవిత టీచరును గాని అడగండి. పింఛనుకు, పరికరాలకు, పరీక్ష రాయితీలకు ఈ కాగితం కావాలి. అందుకని త్వరగా చేయించుకోండి. కాని సర్టిఫికెట్టు వచ్చేదాకా పిల్లను బడికి పంపకుండా ఆపకండి. బడిలో చేర్చుకోవడానికి అది అడ్డు కాకూడదు.

ఆడపిల్లల తల్లులు ఇంకో సంగతి అడగాలి. 2018లో సమగ్ర శిక్ష మొదలైనప్పుడు ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు పెట్టారు. మీ పిల్ల పేరు ఆ జాబితాలో ఉందా? బ్యాంకు ఖాతా సరిగ్గా రాశారా? హెడ్మాస్టరును అడిగి తెలుసుకోండి.

రాసింది జరగకపోతే?

మళ్ళీ మంగమ్మ ఉదాహరణకు వద్దాం. ప్రణాళిక రాసి 2 నెలలైంది. ఒకరోజు మంగమ్మ పని మానుకుని బడికి వెళ్ళింది. సుజాత ఆఖరి వరసలో గోడవార కూర్చుని ఉంది. చెవి మిషను సంచిలో ఉంది. మంగమ్మ పెద్ద సారును కలిసింది.

"సారూ, మా సుజాతని ముందు కూర్చోబెట్టాలని రాశారు కదండీ?"

"పిల్ల ఎత్తుగా ఉందమ్మా. వెనక పిల్లలకు అడ్డం వస్తోంది."

"ముందు వరసలోనే ఓ పక్కకు కూర్చోబెట్టండి సారూ. అడ్డం రాదు. భవిత టీచరు వారానికి 2 సార్లు రావాలి కదండీ? ఎన్నిసార్లు వచ్చారు?"

"ఆమెకు చాలా బళ్ళు ఉన్నాయమ్మా. వీలున్నప్పుడు వస్తుంది. చూద్దాం లే."

"చూద్దాం లే" అన్నమాట మనందరికీ అలవాటైన మాటే. అక్కడితో మనం తిరిగి వచ్చేస్తాం. ఇక్కడే ఆగకూడదు. కోపం తెచ్చుకుని గొడవ పడకూడదు. మెట్టు మెట్టుగా పోవాలి.

మొదటి మెట్టు: నోటుబుక్కు పెట్టుకోండి

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. రోజూ ఒక్క లైను రాయండి. తేదీ వెయ్యండి. పిల్లను ఎక్కడ కూర్చోబెట్టారు, ప్రత్యేక టీచరు వచ్చారా లేదా, ఏ పాఠం చెప్పారు, బ్యాటరీ పని చేసిందా, ఇవే రాయండి. పిల్లను కూడా అడిగి రాయండి. బడికి పోయి మాట్లాడిన రోజున ఎవరితో మాట్లాడారు, వారు ఏమన్నారు అన్నది రాయండి. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు. తేదీ మాత్రం ఉండాలి. నెల తిరిగేసరికి ఈ పుస్తకమే మీకు సాక్షి.

రెండో మెట్టు: నెమ్మదిగా మాట్లాడండి

ముందు క్లాసు టీచరుతో మాట్లాడండి. ప్రణాళిక నకలు చేతిలో పట్టుకుని వెళ్ళండి. మీరు మా పిల్లను పట్టించుకోవడం లేదు అనకండి. 2వ నంబరు పని జరగడం లేదు, 5వ నంబరు పని జరగడం లేదు అని చెప్పండి. ఏమి అడ్డం వస్తోందో అడగండి. నిజంగా అడ్డం ఉంటే ఎలా తీర్చాలో కలిసి ఆలోచించండి. ఎప్పటిలోగా చేస్తారో ఒక తేదీ అడగండి.

మూడో మెట్టు: అర్జీ రాయండి

మాటతో కాకపోతే కాగితం. మన చేతిరాతతో రాసిన అర్జీకి బలం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలోని పాఠం చదివి చర్చించుకున్నారు. సారా మీద కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. అక్షరం చేతికొస్తే ఏం చేయవచ్చో వాళ్ళు చూపించారు. మనం ఇప్పుడు ఒక చిన్న అర్జీ రాద్దాం.

అర్జీ ఇలా ఉండాలి:

తేదీ: ........
శ్రీయుత ప్రధానోపాధ్యాయులు గారికి,
........ పాఠశాల, ........ గ్రామం, ........ మండలం.

అయ్యా,

మా అమ్మాయి ........ మీ బడిలో ........ తరగతి చదువుతోంది. అమ్మాయికి వినికిడి లోపం ఉంది. ........ తేదీన అమ్మాయికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాశారు. అందులో ఈ కింది పనులు జరగడం లేదు.

1. ముందు వరసలో కూర్చోబెట్టడం లేదు.
2. వారానికి 2 సార్లు రావలసిన ప్రత్యేక టీచరు ........ నెలలో ........ సార్లు మాత్రమే వచ్చారు.

ఈ పనులు వెంటనే మొదలు పెట్టించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలని కోరుతున్నాను. నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని మనవి.

ఇట్లు,
(సంతకం)
పేరు, ఊరు, ఫోను నంబరు

జత: ప్రణాళిక నకలు

అర్జీ 2 కాపీలు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. ఆ కాపీ ఇంట్లో భద్రంగా దాచండి. సంతకం పెట్టము అంటే పోట్లాడకండి. పోస్టాఫీసుకు పోయి స్పీడు పోస్టులో పంపండి. ఆ రసీదు దాచండి. అదే మీకు సంతకంతో సమానం.

నాలుగో మెట్టు: బడి కమిటీ

విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో 4 వంతుల్లో 3 వంతుల మంది తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టమని అడగండి. మినిట్సు పుస్తకంలో రాయించండి. మెట్ల దగ్గర ర్యాంపు, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ లాంటి పనులు కమిటీలో తీర్మానం అయితే త్వరగా కదులుతాయి.

అయిదో మెట్టు: పై అధికారులు

బడిలో పని కాకపోతే మండల విద్యాధికారికి రాయండి. అక్కడా కాకపోతే జిల్లా విద్యాధికారికి రాయండి. ముందు ఇచ్చిన అర్జీ నకలు జత చెయ్యండి. కలెక్టరు ఆఫీసులో ప్రజల ఫిర్యాదులు తీసుకునే రోజు ఉంటుంది. చాలా జిల్లాల్లో అది సోమవారం. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అక్కడ కూడా ఇవ్వవచ్చు. రసీదు మాత్రం మరవకండి.

విద్యాహక్కు చట్టం కింద రాసి ఇచ్చిన ఫిర్యాదును స్థానిక అధికారులు 3 నెలల్లో తేల్చాలి. వారు తేల్చిన తీరు న్యాయంగా లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేసుకోవచ్చు.

వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ఒక కమిషనరు ఉంటారు. ఆయనకు ఫిర్యాదు రాసి పంపవచ్చు. సాక్షులను పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో ఆయనకు సివిలు కోర్టుకు ఉన్న అధికారాలు ఉన్నాయి. ఆయన సిఫారసు చేస్తే దానిమీద ఏమి చేశారో సంబంధిత అధికారులు 3 నెలల్లో చెప్పాలి. ఈ చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మళ్ళీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా ఉంది.

కాగితాలు చూపించకపోతే?

ప్రణాళిక నకలు ఇవ్వము అంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఇది 2005లో వచ్చింది. సర్కారు బడి గాని, మండల విద్యాధికారి ఆఫీసు గాని అడిగిన సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. రుజువు జత చేస్తే చాలు. రెండే ప్రశ్నలు రాయండి. మా అమ్మాయి విద్యా ప్రణాళిక నకలు ఇవ్వండి. ప్రత్యేక టీచరు ఈ ఏడాది ఏ ఏ తేదీల్లో బడికి వచ్చారో చెప్పండి. అంతే.

ఎవరూ వినకపోతే ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి లాయరును ఉచితంగా ఇస్తారు. దగ్గరి కోర్టు ఆవరణలో న్యాయ సేవల ఆఫీసు ఎక్కడుందో అడగండి.

తరచుగా వినే మాటలు

"మీ పిల్ల ఇక్కడ పనికిరాదు. ప్రత్యేక బడికి తీసుకుపోండి." ప్రత్యేక బడి వద్దనుకుంటే పంపనక్కర్లేదు. ఎక్కడ చదివించాలో ఎంచుకునే హక్కు మనది, బడివాళ్ళది కాదు.

"రోజూ పంపకపోయినా ఫరవాలేదు. హాజరు వేస్తాం." ఈ మాట వినడానికి మంచిగా ఉంటుంది. కాని ఇది పిల్లకు చేసే అన్యాయం. పుస్తకంలో పిల్ల బడిలో ఉంటుంది. నిజానికి ఇంట్లో గోడ చూస్తూ ఉంటుంది. దీనికి ఒప్పుకోకండి.

"ఇంటి దగ్గరే చదువు చెప్పిస్తాం." 2012 సవరణ ప్రకారం తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు కోరుకోవచ్చు. కోరుకోవలసింది పిల్ల తరఫున మనం. బడికి తేలిక అని మనమీద పెట్టకూడదు. ఇంటి దగ్గర చదువుకు కూడా టీచరు రావాలి, ప్రణాళిక ఉండాలి.

"పింఛను వస్తోంది కదా, ఇంకా చదువెందుకు?" పింఛను పిల్ల కడుపుకు. చదువు పిల్ల బతుకుకు. ఒకటి ఇచ్చి రెండోది తీసుకోవడం కుదరదు.

టీచరు కష్టం కూడా చూడాలి

ఒకే టీచరు 2, 3 తరగతులు చెప్పే బళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నాయి. ఒక్క భవిత టీచరు మండలంలో చాలా బళ్ళకు తిరగాలి. వాళ్ళలో చాలామంది కష్టపడేవాళ్ళే. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చిన్న తరగతుల్లో 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని చెప్పింది. ఆ పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. అంటే టీచర్ల కొరత ఉందని కోర్టే గుర్తించింది.

కాబట్టి టీచరు మన శత్రువు కాదు. టీచరు చేతిలో ఉన్న పనిని టీచరును అడగాలి. టీచర్ల పోస్టుల సంగతి సర్కారును అడగాలి. ముందు వరసలో కూర్చోబెట్టకపోతే టీచరును అడగాలి. భవిత టీచరు పోస్టే ఖాళీగా ఉంటే మండల విద్యాధికారికి రాయాలి. ఎవరి పని వారిని అడిగితేనే జవాబు వస్తుంది.

మన పని కూడా ఉంది

ప్రణాళికలో ఇంటివాళ్ళ పని కూడా రాసి ఉంటుంది. మనది మనం చేస్తేనే బడిని గట్టిగా అడగగలం. చెవి మిషను బ్యాటరీ అయిపోయి పెట్టెలో పడి ఉంటే ముందు వరసలో కూర్చున్నా పిల్లకు వినపడదు. కళ్ళజోడు విరిగితే వెంటనే చెప్పాలి. పెళ్ళికనీ, జాతరకనీ, తమ్ముణ్ణి చూసుకోవాలనీ పిల్లను బడి మాన్పించకూడదు. పిల్ల ఒక కొత్త మాట చదివితే మెచ్చుకోవాలి. అన్నకు 100 మార్కులు వచ్చాయి, నీకేం వచ్చాయి అని పోల్చకూడదు. నిన్నటి సుజాతతోనే ఇవాళటి సుజాతను పోల్చాలి.

ఒక్కరు కాదు, నలుగురు

ఒక్క తల్లి అడిగితే బతిమాలినట్టు ఉంటుంది. నలుగురు కలిసి అడిగితే హక్కు అడిగినట్టు ఉంటుంది. మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో ఇలాంటి పిల్లలు ఉన్న తల్లులు ఎవరో తెలుసుకోండి. భవిత కేంద్రం దగ్గర కలుస్తారు. పొదుపు సంఘంలో ఉంటారు. నెలకొకసారి కూర్చోండి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళ పిల్లల ప్రణాళిక చదివి వినిపించండి. అర్జీ రాసిపెట్టండి. ఆఫీసుకు పోయేటప్పుడు తోడు వెళ్ళండి.

గుర్తుంచుకోండి

ప్రణాళిక నకలు ఇంట్లో ఉండాలి.
ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది అందులో ఉండాలి.
నోటుబుక్కులో రోజూ ఒక లైను, తేదీతో.
అర్జీ 2 కాపీలు. ఒకదాని మీద అందినట్టు సంతకం.
బడి, మండలం, జిల్లా, కమిషనరు. మెట్టు మెట్టుగా పోవాలి.
మర్యాదగా అడగాలి. వదలకుండా అడగాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో బడికి పోని పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఎందుకు పోవడం లేదు?

2. మీ బడిలో మెట్లు ఎన్ని? నడవలేని పిల్ల లోపలికి ఎలా పోతుంది? మరుగుదొడ్డికి ఎలా పోతుంది?

3. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడ ఉంది? అక్కడి టీచరు పేరు ఏమిటి?

4. పైన ఇచ్చిన అర్జీని మీ పిల్ల పేరుతో గాని, పక్కింటి పిల్ల పేరుతో గాని నోటుబుక్కులో రాయండి. రాసింది నలుగురికి చదివి వినిపించండి.